ఆర్15 నేర్చుకుందాం – 3వ పాఠం: నడక వేగం

పోయిన పాఠంలో ఇంజను వేయకుండానే మన బండిని, అంటే యమహా ఆర్15 బైకును, తోయడం, స్టాండు వేసి తీయడం, పక్కకు ఒరిగితే తుంటితో ఆపుకోవడం సాధన చేశాం. వారం రోజులు ఆ పని చేసినవాళ్లకు 142 కిలోల బరువు కొంత మచ్చికై ఉంటుంది. చేయనివాళ్లు ముందు ఆ పని కానిచ్చి రండి, ఈ పాఠం ఎక్కడికీ పోదు.

ఈ రోజు ఇంజను స్టార్ట్ చేస్తాం. కానీ రెండో గేరు జోలికి వెళ్లం.

మనలో చాలామంది చేయి తిరిగింది ఇంట్లో ఉన్న స్ప్లెండర్ మీదే. దాని బరువు 112 కిలోలు. హ్యాండిల్ ఎత్తుగా, వెడల్పుగా ఉంటుంది. ఇరుకు సందులో కూడా ఒక్క ఊపున తిరిగిపోతుంది. 97.2 సీసీ ఇంజను 6,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గరే తన టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) అంతా ఇచ్చేస్తుంది కాబట్టి క్లచ్ కాస్త మొరటుగా వదిలినా కినుక లేకుండా కదులుతుంది. 2021లో వచ్చిన ఆర్15 నాలుగో రూపం సంగతి వేరు. 155 సీసీ ఇంజనులో గరిష్ఠ టార్క్ అందేది 7,500 దగ్గర, గరిష్ఠ శక్తి 18.4 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) వచ్చేది 10,000 దగ్గర. కింది ఆర్‌పీఎంలో క్లచ్ టక్కున వదిలితే ఆగిపోతుంది. సీటు ఎత్తు 815 మిల్లీమీటర్లు. హ్యాండిల్ ఒకే కడ్డీ కాదు, రెండు ముక్కలుగా ఫోర్కులకు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే గొట్టాలకు) కిందుగా బిగించి ఉంటుంది. అందుకే అది ఎక్కువ తిరగదు. ఇంకొంచెం తిప్పుదామంటే పెట్రోలు ట్యాంకు అడ్డం వస్తుంది, బొటనవేలు మధ్యలో నలుగుతుంది.

అంటే వేగంగా పోవడానికి పుట్టిన బండి ఇది, నెమ్మదిగా పోవడమే దానికి కష్టం. కొత్తవాళ్లు భయపడేది హైవే గురించి. నేను చూసినంతలో ఆర్15లు కింద పడేది అపార్ట్‌మెంటు సెల్లారు వాలు మీద, ఇంటి గేటు ముందు, టీకొట్టు దగ్గర.

నాది పడింది పెట్రోలు బంకులో. వరుసలోంచి బయటికి వస్తూ హ్యాండిల్ ఎడమకు తిప్పి ఉండగా ఎవరో అడ్డం వచ్చారు. కుడిచేతి నాలుగు వేళ్లూ ముందు బ్రేకును బిగించేశాయి. బండి ఆగింది, ఆగినచోటే ఎడమకు ఒరిగింది. వేగం పట్టుమని ఐదు కిలోమీటర్లు కూడా లేదు. క్లచ్ లీవరు కొస విరిగింది, ఫెయిరింగు (బండి పక్కల ఉండే తొడుగు) మీద జానెడు గీత పడింది. బండి లేపడానికి చేయి వేసిన పెద్దాయన దెబ్బ తగిలిందా అని అడగలేదు. “కొత్తదా బాబూ?” అన్నారు.

అప్పుడు జరిగింది ఇది. చక్రం పక్కకు తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు పడితే ఫోర్కులు కిందికి కుంగుతాయి, బరువంతా తిరిగిన వైపుకే వాలుతుంది. ఆ వాలును ఒక్క కాలితో ఆపడం ఎవరి తరమూ కాదు. ఏబీఎస్ (బ్రేకు పడినప్పుడు చక్రం బిగుసుకుపోయి జారకుండా చూసే ఏర్పాటు) కాపాడుతుందని అనుకోకండి. బాగా తక్కువ వేగంలో అది పని చేయదు, పైగా ఇక్కడ చక్రం జారడం లేదు, బండే వాలుతోంది. కాబట్టి నడక వేగంలో హ్యాండిల్ తిరిగి ఉన్నంతసేపూ కుడిచేతి వేళ్లు బ్రేకు లీవరు మీద ఉండకూడదు. ఆపే పని కుడికాలితో వేసే వెనుక బ్రేకుది.

ఇక సాధన. ఆదివారం పొద్దున్నే ఖాళీ మైదానం చూసుకోండి. నేల గట్టిగా ఉండాలి, ఇసుక, కంకర ఉండకూడదు. హెల్మెట్, గ్లౌజులు, మడమ దాటే బూట్లు వేసుకోండి. గుర్తులకు ఇటుకలు వద్దు, పాత చెప్పులు చాలు. గీతకు గుప్పెడు ముగ్గుపిండి.

మొదటి పని క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కనిపెట్టడం. రెండు కాళ్లూ నేల మీద ఉంచి, మొదటి గేరు వేసి, యాక్సిలరేటరు ముట్టకుండా లీవరును చాలా మెల్లగా వదలండి. కొంతదూరం ఏమీ జరగదు. తర్వాత ఇంజను శబ్దం కాస్త బరువెక్కుతుంది, బండి ముందుకు పోదామా అన్నట్టు లాగుతుంది. అక్కడ ఆపండి. చక్రం జానెడు దూరం దొర్లగానే మళ్లీ పట్టేయండి. ఇలా ఇరవై సార్లు చేయండి. పదోసారి దాకా రెండు మూడుసార్లు ఇంజను ఆగిపోతుంది, సిగ్గుపడే పని లేదు. పదిహేనోసారికి ఆ చోటు కళ్లు మూసుకున్నా వేళ్లకు తెలుస్తుంది. ఈ బండిలో అసిస్ట్ క్లచ్ ఉంది, లీవరు తేలిక. రెండు వేళ్లతో నడిపించవచ్చు.

హాఫ్ క్లచ్‌లో, అంటే లీవరు సగం వదిలి, నడిపితే ప్లేట్లు కాలిపోతాయని మన పెద్దలు చెబుతారు. కార్ల అనుభవంతో వచ్చిన మాట అది. ఈ బైకులో క్లచ్ ప్లేట్లు ఇంజను ఆయిల్లోనే తడుస్తూ తిరుగుతాయి, పది నిమిషాల సాధనకు తట్టుకుంటాయి. పది నిమిషాలకు ఒకసారి ఆపి చల్లారనివ్వండి. మధ్యలో రేడియేటరు ఫ్యాను గుర్రుమని తిరిగితే కంగారు పడకండి, దాని పని అది చేస్తోంది. ఆయిలు మాత్రం మాన్యువల్‌లో చెప్పినదే పోయించండి. కార్లకు వాడే కొన్ని ఆయిళ్లతో క్లచ్ జారడం మొదలవుతుంది.

రెండో పని చిన్నప్పుడు బడిలో ఆడిందే. స్లో సైకిల్ పోటీ గుర్తుందా? కాలు కింద పెట్టకుండా అందరికంటే చివర వచ్చినవాడే గెలిచేవాడు. 20 మీటర్ల గీత గీయండి. మామూలుగా నడిచే మనిషికి ఆ దూరం పట్టేది పదిహేను సెకన్లు. మీరూ మొదట అంతే తీసుకోండి, తర్వాత ఇరవైకి ప్రయత్నించండి. యాక్సిలరేటరును ఐడిల్ (ముట్టనప్పుడు ఇంజను తిరిగే వేగం) కంటే కొంచెం పైన ఒకేచోట నిలపండి. క్లచ్‌ను వదులుతూ, పట్టుకుంటూ ఉండండి, వెనుక బ్రేకును కుడికాలి బొటనవేలి బరువుతో తాకించి ఉంచండి. ఇంజను లాగుతుంటే బ్రేకు ఆపుతూ ఉండాలి. ఈ రెండింటి మధ్య గొలుసు బిగుసుకుంటుంది, బండి తొణకకుండా నిలుస్తుంది. గంజి వార్చేటప్పుడు గిన్నె వంచే చేయి ఒకటి, మూత పట్టే చేయి ఒకటి చూడండి, అలాంటి పొత్తే ఇది.

ఇక్కడ దాదాపు అందరూ చేసే తప్పు ఒకటుంది. ఒంటి బరువంతా హ్యాండిల్ మీద వేస్తారు. కూర్చునే తీరే ముందుకు వంగినట్టుంటుంది కాబట్టి అది సహజం. కానీ చేతులు బిగుసుకుంటే హ్యాండిల్ తనంతట తాను సర్దుకోలేదు, బండి తాగినవాడిలా ఊగుతుంది. మోకాళ్లతో ట్యాంకును నొక్కి పట్టండి. సరిగ్గా పట్టారో లేదో చూడాలంటే మోచేతులను కోడి రెక్కల్లా ఆడించండి. ఆడితే సరే. ఆడకపోతే బరువు ఇంకా చేతుల మీదే ఉంది.

మూడోది గుండ్రం. మధ్యలో ఒక చెప్పు పెట్టి, ఎనిమిది మీటర్ల వెడల్పు వలయంలో ఎడమకు తిరగండి, ఆపైన కుడికి. ఒకవైపు తేలిగ్గా, ఇంకోవైపు మొరాయింపుగా ఉంటుంది, అందరికీ అంతే. ఈ వేగంలో బండి లోపలికి ఒరిగితే మీరు దానితోపాటు ఒరగకండి. నడుము నిటారుగా ఉంచి, బయటి వైపు పిరుదు మీద బరువు వేయండి. మోకాలు నేలకు తాకించే ఫొటోలు ఇక్కడ మరచిపోండి. చూపు చక్రం ముందు కాదు, వలయానికి అవతలి అంచు మీద ఉండాలి. తల తిప్పాలి, కళ్లు మాత్రమే తిప్పితే చాలదు. చెప్పును చూస్తే చెప్పు మీదికే పోతారు.

అది కుదిరాక ఇంకో చెప్పు పెట్టి రెండు వలయాలు కలపండి. లైసెన్సు పరీక్షలో వేయమనే 8 అదే. రెండు వలయాలు కలిసే చోటికి రాకముందే తల రెండో వలయం వైపు తిరిగిపోవాలి. ఆ ఒక్క క్షణం హ్యాండిల్ నిటారుగా ఉంటుంది, ఊపిరి తీసుకోండి. పరీక్షకు ఈ బండే తీసుకెళ్లాలన్న రూలు ఏమీ లేదు. ఇంట్లో తేలిక బండి ఉంటే దాని మీదే వేసి రండి, నేనైతే అలాగే చేస్తాను.

ఈ వారం రోజుకు అరగంట సాధన చేయండి. 20 మీటర్లు ఇరవై సెకన్లలో, కాలు కింద పెట్టకుండా, వరుసగా మూడుసార్లు వచ్చిన రోజు నాలుగో పాఠానికి రండి. ముందు బ్రేకును అప్పుడు ముట్టుకుంటాం, హ్యాండిల్ తిన్నగా ఉంచి.