రంగుల ప్రయోగాలు – 4వ పాఠం: నల్ల గీతలో ఏముంది?

ఎరుపు, నీలం కలిపితే ఊదాకు బదులు బురద రంగు వచ్చిందని మీలో చాలామంది రాశారు. పిల్లలు నీరుగారిపోయారని కూడా రాశారు. కొత్త ప్రయోగానికి ముందు ఆ సంగతి తేల్చుకుందాం.

పెయింటు తన మీద పడిన కాంతిలో కొంత మింగేసి, మిగిలినదాన్ని మన కంటికి పంపుతుంది. రెండు పెయింట్లు కలిపితే రెండూ మింగుతాయి. నారింజ వైపు మొగ్గే ఎరుపు ఆకుపచ్చ కాంతినీ, నీలి కాంతినీ మింగుతుంది. నీలం పెయింటు ఎర్ర కాంతిని మింగుతుంది. ఇక కంటికి చేరేది ఏ కాస్తో, అదే ఆ బురద రంగు. ముదురు గులాబీలా కనిపించే మజెంటా ముఖ్యంగా ఆకుపచ్చనే మింగుతుంది, నీలి కాంతి జోలికి పెద్దగా పోదు. ఎరుపు పక్కనపెట్టి మజెంటాతో మళ్ళీ కలపండి, ఊదా తేటగా వస్తుంది. రంగుల ప్రింటర్లలో సాధారణంగా వాడేవి కూడా సయాన్ (ఆకుపచ్చ ఛాయ ఉన్న నీలం), మజెంటా, పసుపు, నలుపు సిరాలే. నాలుగేళ్ల పిల్లలకు ఈ వివరమంతా అక్కర్లేదు. రెండు గిన్నెలు పక్కపక్కన పెట్టి తేడా చూపించండి, చాలు.

ఇక ఈనాటి ప్రయోగం. వడపోత కాగితాన్ని రెండు వేళ్ల వెడల్పు పట్టీగా కత్తిరించి, కింది అంచుకు కాస్త పైన నల్ల స్కెచ్ పెన్నుతో గీత గీయించండి. గీత మునగకుండా అంచు మాత్రమే నీళ్లకు తగలాలి. నీరు పైకి పాకుతూ సిరాను లాక్కుపోతుంది. నల్ల సిరాలో తరచూ కొన్ని రంగులు కలిసి ఉంటాయి, అవన్నీ ఒకేలా కదలవు. కాగితాన్ని గట్టిగా అంటుకునే రంగు కిందే ఆగుతుంది, నీటితో సులువుగా కదిలేది పైదాకా వెళ్తుంది. చెరగని మార్కర్ పనికిరాదు, దాని సిరా నీటిలో కరగదు.

పెద్దలు ఇక్కడే పాఠం చెడగొడతారు. పట్టీ తడవకముందే "చూడు, ఇప్పుడు నీలం వస్తుంది" అనేస్తారు. దయచేసి అనకండి. "ఏం జరుగుతుందనుకుంటున్నావు?" అని అడిగి ఊరుకోండి. పిల్లవాడు "ఎరుపు" అంటే తల అడ్డంగా ఊపకండి. "ఏమీ రాదు" అన్నా సరే. "నీళ్లు నల్లబడతాయి" అంటే ఆ మాటే కాగితం మీద రాసిపెట్టండి. మీ ముఖం చూసి జవాబు పసిగట్టే పిల్లలు ఉంటారు, అందుకే మీరూ పట్టీనే చూడండి. ముందే ఊహించిన పిల్లలే తర్వాత జరిగేదాన్ని కళ్లప్పగించి చూస్తారు. జవాబు చెప్పేశాక వాళ్లకు చూడడానికి ఏమీ మిగలదు.

నాకైతే నీళ్ల రంగులకన్నా స్కెచ్ పెన్నులే ఇష్టం, శుభ్రం చేసే పని తక్కువ.

అభ్యాసం: నాలుగు వేర్వేరు రకాల నల్ల పెన్నులు తీసుకోండి. ఒక్కోదానితో రెండేసి పట్టీలు చేసి ఆరబెట్టండి. మొదటి నాలుగింటి పక్కన వాటి పెన్నులు పెట్టండి. మిగతా నాలుగింటి వెనక గుర్తు రాసి కలిపేసి, ఏది ఏ పెన్నుదో పిల్లలను కనిపెట్టమనండి. ఎందుకు అలా అనుకున్నారో కూడా చెప్పించండి. ఒక పూటలో తేలకపోతే మర్నాడు కొనసాగించండి.