గోమారి లాలాజలంలో మందు దొరికిందన్న వార్తను పరిశీలించి చదవడం ఎలా

గోమార్ల లాలాజలంలోని ఒక ప్రోటీన్ రక్తం గడ్డకట్టకుండా ఆపుతుందనో, క్యాన్సర్ కణాలను చంపుతుందనో చెప్పే వార్తలు తరచుగా వస్తుంటాయి. వాటిలో చాలావరకు అబద్ధం ఉండదు. అయితే విలువ కట్టడానికి కావలసిన వివరాల్లో సగం ఉండవు. ఆ సగాన్ని రాబట్టుకోవడానికి ఏయే ప్రశ్నలు వేసుకోవాలో కింద చూద్దాం.

ముందుగా, ఆ ప్రోటీన్‌తో గోమారికి ఏం పని అని అడగండి. గట్టి పెంకు గల గోమార్లు చర్మానికి కరచుకొని రోజుల తరబడి రక్తం పీలుస్తాయి. మెత్తని ఒళ్లు గలవి సాధారణంగా గంటలోపే పని ముగిస్తాయి. ఆ సమయంలో గాయం దగ్గర రక్తం గడ్డకట్టకూడదు, దురద పుట్టకూడదు, వాపు రాకూడదు, రోగనిరోధక కణాలు గుమికూడకూడదు. ఒక్కొక్క ప్రతిచర్యను అడ్డుకోవడానికి ఒకటి కాదు, అనేక ప్రోటీన్లు ఆ లాలాజలంలో ఉంటాయి. కాబట్టి వార్తలోని ప్రోటీన్ వీటిలో ఏ మెట్టును ఆపుతోందో గుర్తిస్తే అది ఏ జబ్బుకు పనికిరావచ్చో మీకే కొంత తెలుస్తుంది. ఆ మెట్టు పేరే చెప్పని వార్తను అక్కడితో పక్కన పెట్టవచ్చు.

తరువాత, ఆ ప్రోటీనే మందు కాబోతోందా, లేక అది మందుకు దారి చూపుతోందా అన్నది విడదీసి చూడాలి. ఆఫ్రికాకు చెందిన ఆర్నిథోడోరస్ మౌబాటా అనే మెత్తని గోమారి నుంచి 60 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్‌ను వేరుచేసినట్లు 1990లో ప్రచురించారు. రక్తం గడ్డకట్టే క్రమంలో కీలకమైన ఫ్యాక్టర్ టెన్-ఎ అనే ఎంజైమ్‌ను అది చాలా కచ్చితంగా అడ్డుకుంటుంది. అది స్వయంగా మందు కాలేదు. అయితే ఆ ఒక్క ఎంజైమ్‌ను ఆపితే చాలు, రక్తపు గడ్డలను నివారించవచ్చన్న నమ్మకం ఈ గోమారి ప్రోటీన్‌పైనా, జలగ నుంచి లభించిన యాంటీస్టాసిన్ అనే ప్రోటీన్‌పైనా జరిగిన జంతు ప్రయోగాల వల్ల బలపడింది. నేడు విస్తృతంగా వాడుతున్న రివరాక్సబాన్, అపిక్సబాన్ మాత్రలు ఆ ఎంజైమ్‌పైనే పనిచేస్తాయి. వాటిలో గోమారికి సంబంధించిన పదార్థమేదీ లేదు. అవి పూర్తిగా రసాయన సంశ్లేషణతో తయారైనవి. నా అంచనాలో ఈ రంగం వైద్యానికి ఇప్పటిదాకా ఇచ్చిన ఫలం ప్రధానంగా ఇలాంటిదే: మందు కన్నా, మందు తాకవలసిన చోటును చూపడం.

ఇక పరీక్ష ఎక్కడ జరిగిందన్నది చూడాలి. బ్రెజిల్‌లోని బుటాంటాన్ సంస్థ పరిశోధించిన, గోమారి లాలాజల గ్రంథి జన్యువు ఆధారంగా తయారైన ఆంబ్లియోమిన్-ఎక్స్ అనే ప్రోటీన్ కణితి కణాలపైనా, ఎలుకల్లోని కణితులపైనా ప్రభావం చూపింది. దీన్ని మనుషుల్లో క్యాన్సర్ నయం చేసిందని చదువుకోకూడదు. అదే మౌబాటా గోమారి నుంచి వచ్చిన నోమాకోపాన్ అంతకంటే ముందుకు వెళ్లింది. రోగనిరోధక వ్యవస్థలోని కాంప్లిమెంట్ సి5 అనే ప్రోటీన్‌ను, వాపును పెంచే ల్యూకోట్రయిన్ బి4 అనే పదార్థాన్ని అది రెండింటినీ పట్టుకుంటుంది. ఎర్ర రక్తకణాలు పగిలిపోయే ఒక అరుదైన వ్యాధిలోనూ, చర్మంపై బొబ్బలు లేచే బుల్లస్ పెంఫిగాయిడ్‌లోనూ దాన్ని రోగులకిచ్చి పరీక్షించారు. ఇంత దూరం వచ్చిన ప్రోటీన్ గురించి అడగవలసిన ప్రశ్న మారుతుంది: ఇప్పటికే ఉన్న మందుకంటే ఇది దేనిలో మేలు? సి5ను ఆపే ఎకులిజుమాబ్‌కు 2007లోనే అనుమతి లభించింది కనుక, పోలిక దానితో జరగాలి.

మేలు చేసే గుణంలోనే కీడు ఉంటుందన్న సంగతి కూడా మరవకూడదు. సి5ను ఆపితే మెదడు పొరల వాపు తెచ్చే మెనింగోకాకస్ అనే బ్యాక్టీరియా సోకే ముప్పు పెరుగుతుంది, అందుకే అలాంటి మందు వాడేవారికి ముందుగా టీకా వేస్తారు. గడ్డకట్టడాన్ని ఆపితే రక్తస్రావం జరగవచ్చు. పైగా ప్రోటీన్‌ను మింగితే జీర్ణమైపోతుంది గనుక సాధారణంగా ఇంజెక్షన్‌గానే ఇవ్వాలి. పరాయి ప్రోటీన్ కాబట్టి పదే పదే ఇచ్చినప్పుడు శరీరం దానిపై యాంటీబాడీలు తయారు చేయవచ్చు. గోమారికి ఆ చిక్కు తక్కువ, ఎందుకంటే దాని అవసరం కాటు పడిన ఆ కాస్త చోటుకు, కొద్ది రోజులకు పరిమితం. అందువల్ల మోతాదు, ఎంత కాలం ఇచ్చారు, యాంటీబాడీలు పుట్టాయా అన్న మూడింటినీ వెతకండి.

ప్రయోగశాలలో వాడే ప్రోటీన్లను సాధారణంగా జన్యువును బ్యాక్టీరియా, ఈస్ట్ వంటి కణాల్లో పెట్టి తయారు చేస్తారు. అవి కాటు నుంచి వచ్చేవి కావు, కాబట్టి గోమారి కాటుకు చికిత్సా గుణం అంటగట్టే మాట ఎక్కడ కనిపించినా నమ్మవద్దు. శాల్ప్15 అనే లాలాజల ప్రోటీన్ రోగనిరోధక టి-కణాలను అణచుతుంది కాబట్టి ఆసక్తికరమే, కాని గోమారి కాటుతో సోకే లైమ్ వ్యాధి బ్యాక్టీరియా దాన్నే ఒంటికి పూసుకొని శరీరపు దాడి నుంచి తప్పించుకుంటుంది.

చివరగా, ఆ ప్రోటీన్‌ను శరీరానికి ఇస్తున్నారా, దానిపై శరీరాన్ని ఉసిగొల్పుతున్నారా అన్నది గమనించండి. 2021లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 19 లాలాజల ప్రోటీన్ల సమాచారంతో ఎంఆర్ఎన్ఏ టీకా తయారు చేశారు. టీకా పొందిన గినీ పందుల చర్మం కాటు చోట త్వరగా ఎర్రబడింది, గోమార్లు సరిగా రక్తం పీల్చలేక ముందే ఊడిపోయాయి. గోమార్లపై సహజంగా నిరోధకత పెంచుకోలేని ఎలుకల్లో ఆ ఫలితం రాలేదు. కనుక ఇలాంటి టీకా వార్తలో ప్రయోగించిన జంతువు పేరుతో పాటు, టీకా లేకుండానే ఆ జంతువు గోమార్లను తట్టుకోవడం నేర్చుకోగలదా అన్నది కూడా చూసుకోవాలి.