ఉద్యోగం మానకుండా ఎంబీఏ: సిక్కోల్లో (శ్రీకాకుళంలో) ఉండి చదివేవాళ్లకి నాకు తెలిసినంత

నేను చదివింది ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) దూరవిద్య ఎంబీఏ. చేరేనాటికి నాకు 37 ఏళ్లు, పైడిభీమవరం వైపు ఒక మందుల కంపెనీ క్వాలిటీలో పద్నాలుగేళ్ల సర్వీసు, ఇద్దరు పిల్లలు, ఒక ఇంటి లోను. ర్యాంకులేవీ రాలేదు, పాసయ్యాను, అంతే. అయితే పాసైన దగ్గర్నుంచీ కంపెనీ బస్సులో పక్క సీట్లో కూర్చునే తమ్ముళ్లు నెలకొకరైనా "అన్నియ్యా, నేనూ చేద్దారనుకుంతన్నాను, ఎలగ మొదలెట్టాల" అని అడుగుతున్నారు, రణస్థలం దాటేలోపు అంతా చెప్పడం అవ్వట్లేదు, అందుకే కూర్చుని రాస్తున్నా.

మొదట ఒక కాయితం మీద ఎందుకు చదవాలనుకుంటున్నారో ఒక్క వాక్యం రాయండి. "కెరీర్ గ్రోత్" అని రాస్తే ఆ కాయితం చింపేసి మళ్లీ రాయండి. మేనేజర్ పోస్టుకి డిగ్రీ అడుగుతున్నారు, లేదా ల్యాబ్ లోంచి సప్లై చైన్ కి మారాలి, లేదా మా నాన్న వ్యాపారం చూసుకోవాలి, ఇలగ ఉండాలి. ఎందుకంటే ఆ వాక్యాన్ని బట్టే ఎక్కడ చేరాలో తేలుతుంది. ప్రమోషన్ కోసమే అయితే ఫీజు కట్టకముందే హెచ్చార్ వాళ్లకి ఒక మెయిల్ పెట్టండి, దూరవిద్య ఎంబీఏని మన కంపెనీ లెక్కలోకి తీసుకుంటుందా అని. నోటి మాట కాదు, మెయిల్లోనే జవాబు తెప్పించుకోండి. గుర్తింపు ఉన్న దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని యూజీసీ (యూనివర్సిటీలకి గుర్తింపు చూసే కేంద్ర సంస్థ) 2022లోనే చెప్పింది కానీ ప్రైవేటు కంపెనీ తన ప్రమోషన్ రూలు తను రాసుకుంటుంది, అక్కడ మనం యూజీసీ కాయితం చూపించి కొట్లాడలేం.

ఇప్పుడు ఎక్కడ అనేది. ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ ఉంది, 2008 నుంచి, అక్కడ ఎంబీఏ ఉంది, కానీ అది ఐసెట్ (రాష్ట్ర ఎంబీఏ ఎంట్రన్స్) రాసి పగలు క్లాసుకి వెళ్లే పిల్లల కోర్సు, పగటిపూట జనరల్ షిఫ్ట్ చేసుకునేవాడికి కుదరదు. మనలాంటోళ్లకి మిగిలేవి దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీ, వీకెండ్ ఎగ్జిక్యూటివ్ ఎంబీఏ. వైజాగ్ ఐఐఎం 2015లో మొదలైంది, ఇప్పుడు సొంత క్యాంపస్ గంభీరంలో ఉంది, ఉద్యోగాలు చేసేవాళ్ల కోసం పీజీపీఈఎక్స్ అని ఒక ప్రోగ్రాం నడుపుతున్నారు. శ్రీకాకుళం నుంచి వెళ్లేవాళ్లకి ఒక సుఖం ఉంది, ఆనందపురం దాటగానే గంభీరం కాబట్టి మధురవాడ ట్రాఫిక్ లోకి దిగక్కర్లేదు. ఫీజు మాత్రం లక్షల్లో ఉంటుంది. ఇగ్నోకి ఎంట్రన్స్ తీసేశారు, డిగ్రీలో 50 శాతం ఉంటే చాలు, రిజర్వేషన్ వాళ్లకి 45, మొత్తం ఫీజు లక్ష దాటదు.

ఆన్‌లైన్, దూరవిద్య ఏదైనా సరే, ఆ యూనివర్సిటీ పేరు ఆ సంవత్సరానికి, ఆ కోర్సుకి యూజీసీ దూరవిద్య బ్యూరో లిస్టులో ఉందో లేదో మీరే తెరిచి చూడండి. యూనివర్సిటీకి గుర్తింపు ఉండి కోర్సుకి లేకపోవడం ఉంటుంది. 2024 నుంచి డెబ్ ఐడీ అని ఒక నంబరు విద్యార్థే ఆ బ్యూరో సైట్లో చేసుకోవాలి, అది లేకుండా అడ్మిషన్ ఇస్తామంటే అనుమానపడండి. నేను వెతుకుతున్న రోజుల్లో ఒక కన్సల్టెన్సీ వాడు ఫోన్ చేసి "సార్ మీరు పరీక్షక్కూడా రానక్కర్లేదు, సర్టిఫికెట్ కొరియర్లో ఇంటికొస్తాది" అన్నాడు. సిగ్గు విడిచి చెప్తున్నా, రెండు రోజులు ఊగాను. రిజిస్ట్రేషన్ అని ఐదువేలు కట్టాను కూడా. మా ఆవిడ "పరీక్ష లేకండా పాసైతే మన గుంటడు కూడా పాసవుతాడు కదా" అంది, అప్పుడు దిగింది మత్తు. ఆ ఐదువేలు పోయినట్టే.

ఇంకొకటుంది, పెద్ద సంస్థల పేరుతో నాలుగు నెలలు, ఆరు నెలల ఎగ్జిక్యూటివ్ ప్రోగ్రాములు ఫోన్లో తెగ కనిపిస్తాయి. అవి సర్టిఫికెట్లు, డిగ్రీ కాదు. నేర్చుకోవడానికి చెడ్డవని అనను, కానీ ఎంబీఏ అడిగిన చోట ఎంబీఏ అని రాసుకోలేం.

ఏడాది ఉద్యోగం మానేసి చదివే ఎగ్జిక్యూటివ్ ఎంబీఏకి వెళ్లేంత ధైర్యం, డబ్బు ఉన్నవాళ్లకి జీమ్యాట్ అనే ఎంట్రన్స్ పరీక్ష దారి. ఐఐఎంల ఎంట్రన్స్ క్యాట్ ఏడాదికి ఒక్కసారి, నవంబరు చివర్లో, ఆ రోజు జ్వరమొస్తే ఏడాది పోయినట్టే. జీమ్యాట్ అలా కాదు, మనకి వీలైన రోజు రాసుకోవచ్చు, స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది. ఇప్పటి జీమ్యాట్లో మూడు సెక్షన్లు, ఒక్కోటీ 45 నిమిషాలు, మొత్తం 64 ప్రశ్నలు. జామెట్రీ లేదు, ఆ గ్రామర్ సరిదిద్దే ప్రశ్నలూ తీసేశారు, టెన్త్ లెక్కలు మర్చిపోయిన మనలాంటోళ్లకి అది మంచి వార్తే. మా టీమ్‌లో ఒకమ్మాయి ఆరు నెలలు పొద్దున్నే లేచి రాసింది, శాతాలు, నిష్పత్తులు, పని-కాలం లెక్కలతో మొదలెట్టమని ఆమె సలహా.

సరే, ఇప్పుడు అందరూ దాటేసే లెక్క చెప్తాను. ఇగ్నో ఎంబీఏ 116 క్రెడిట్లు. ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు అని వాళ్లే చెప్తారు. అంటే 3,480 గంటలు. రెండేళ్లలో అవ్వగొట్టాలంటే వారానికి 33 గంటలు, అంటే ఇంకో ఉద్యోగం చేస్తున్నట్టే. నాలుగేళ్ల వరకూ గడువుంది, అలా లాగితే వారానికి 17 లోపు. నేను రెండేళ్లనుకుని చేరి మూడేళ్లకి తేలాను. మీరు ముందే మూడేళ్లని ఇంట్లో చెప్పండి, రెండేళ్లని చెప్పి మూడో ఏడు తిట్లు తినకండి.

ఆ గంటలు ఎక్కడ దొరుకుతాయంటే, రాత్రి దొరకవు. రాత్రి తొమ్మిదికి పుస్తకం తెరిస్తే తొమ్మిదీ ఇరవైకి అది గుండెల మీద ఉంటుంది, మనం గురకలో ఉంటాం. తెల్లారి నాలుగున్నర నుంచి ఆరుంపావు, ఇది నాకు పనికొచ్చింది. తర్వాత కంపెనీ బస్సు, పోనూ రానూ గంటన్నర. బస్సులో పుస్తకం చదివితే నాకు తల తిరుగుతుంది, అందుకే పొద్దున్న చదివిన చాప్టర్ని నా గొంతుతోనే ఫోన్లో ఐదు నిమిషాలు తెలుగులో చెప్పి రికార్డ్ చేసి బస్సులో వినేవాణ్ణి. ఇంగ్లీషులో చదివింది తెలుగులో చెప్పలేకపోయానంటే అర్థం కాలేదన్నమాట, ఇంతకన్నా మంచి పరీక్ష నాకు దొరకలేదు. షిఫ్టుల్లో చేసేవాళ్లు వారానికో టైమ్‌టేబుల్ రాసుకోండి, సి షిఫ్ట్ (రాత్రి డ్యూటీ) వారం చదువు పెట్టుకోకండి, ఆ వారం నిద్రపోండి.

ఇక చదవడం ఎలగ. కుర్రాళ్లకి లేనిది, మనకి ఉన్నది ఒకటే, పని చూసిన కళ్లు. అందుకని డెఫినిషన్ బట్టీ పట్టకుండా ప్రతి చాప్టరుకీ మనకి తెలిసిన ఒక వ్యాపారం పక్కన పెట్టుకోవాలి. నాకు అకౌంట్స్ అంటే భయం, సైన్సు వాణ్ణి, డెబిట్ ఏదో క్రెడిట్ ఏదో తెలీదు. వర్కింగ్ క్యాపిటల్, అంటే వ్యాపారం రోజూ నడవడానికి కావాల్సిన డబ్బు, ఆ చాప్టరు మూడుసార్లు చదివినా ఎక్కలేదు. మా పెదమావయ్యది కాశీబుగ్గలో చిన్న జీడి పరిశ్రమ, ఒక ఆదివారం ఆ పుస్తకం పట్టుకుని అక్కడికి పోయాను. ఆయన బట్టీ దగ్గర బల్ల మీద కూర్చుని "ఏట్రా, ఇంత వయసొచ్చి ఇంకా పుస్తకాలేట్రా" అని నవ్వి, అడిగినవన్నీ చెప్పాడు.

జీడిపిక్కలు వచ్చేది ఎండాకాలంలోనే, మార్చి నుంచి మే దాకా. ఏడాదికి సరిపడా అప్పుడే కొని గోడౌన్లో పెట్టాలి. బస్తా అంటే 80 కిలోలు. రేటు ఏటేటా మారుతుంది, లెక్క కోసం 14 వేలు అనుకోండి. 500 బస్తాలు కొంటే 70 లక్షలు. ఏడాది పొడుగునా కొంచెం కొంచెం కొట్టించి పప్పు అమ్ముతాడు కాబట్టి సగటున సగం సరుకు ఎప్పుడూ గోడౌన్లోనే ఉంటుంది, అంటే 35 లక్షలు ఏడాదంతా కదలకుండా కూర్చున్నట్టు. బ్యాంకు వడ్డీ పది శాతం వేసుకుంటే మూడున్నర లక్షలు, బస్తాకి 700. బస్తాకి ఇరవై రెండు కిలోల పప్పు పడిందనుకుంటే కిలోకి ముప్పై రూపాయల పైమాటే ఉత్త వడ్డీ. పైగా పప్పు కొన్న సేటు నెలా నెలన్నర ఆగి డబ్బులిస్తాడు, దాని వడ్డీ వేరే.

ఇదంతా అట్టముక్క మీద రాసి చూపిస్తే మావయ్య "ఇది నాకు తెలీదేట్రా, ముప్పై ఏళ్లనుంచి తెలుసు, దీనికి ఇంగ్లీషులో పేరుందని తెలీదు గానీ" అన్నాడు. ఇన్వెంటరీ (గోడౌన్లో సరుకు), డెటర్స్ (మనకి బాకీ ఉన్నవాళ్లు), క్యాష్ సైకిల్ (పెట్టిన డబ్బు తిరిగి చేతికొచ్చే కాలం) అన్నీ ఆ అట్టముక్క మీదే ఉన్నాయి, పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది, జీడిపప్పు ఉదాహరణతోనే రాశాను. మీకు మీ ఊరి రైసు మిల్లో, చికెన్ షాపో, ఆక్వా చెరువో ఏదో ఒకటి ఉంటుంది. పుస్తకంలో ఉన్న అమెరికా కార్ల కంపెనీ కన్నా అదే బాగా బుర్రకెక్కుతుంది.

నన్ను బాగా దెబ్బకొట్టింది చదువు కాదు, చేతిరాత. పద్నాలుగేళ్లు లాగ్‌బుక్కులో సంతకం, కీబోర్డు, అంతే కదా. ఇగ్నో పరీక్ష మూడు గంటలు పెన్నుతో రాయాలి. మొదటి పరీక్షలో గంటా పదినిమిషాలకి బొటనవేలి కింద నరం లాగేసింది, ఆఖరి ప్రశ్న సగంలో వదిలేశాను, జవాబు తెలిసి కూడా. తర్వాత రోజుకి రెండు పేజీలు, బాల్ పెన్ను మానేసి జెల్ పెన్ను, పరీక్షకి నెల ముందు ఆదివారాలు మూడు గంటలు లేవకుండా పాత పేపరు రాయడం. నవ్వొస్తాది గానీ ఇది చెయ్యండి.

అసైన్‌మెంట్లకి 30 శాతం, టర్మ్ ఎండ్ పరీక్షకి 70. అసైన్‌మెంట్లు నెట్లో దొరుకుతాయి, కొని కాపీ చేసి పంపేవాళ్లు చాలామందే ఉన్నారు. నీతులు చెప్పను కానీ, అది సొంతంగా రాస్తే పరీక్షకి సగం చదివినట్టే అయిపోతుంది, కాపీ కొడితే ఆ సగం మళ్లీ చదవాలి, ఎటు చూసినా కాపీయే ఎక్కువ పని. పరీక్షలు జూన్లో ఒకసారి, డిసెంబర్లో ఒకసారి. జూన్ అంటే పెళ్లిళ్లు, డిసెంబర్ అంటే మాకు ఏడాది చివరి డిస్పాచులు. పరీక్ష ఫారం వేరే కట్టాలి, దానంతట అది రాదు. నేను రెండో సెమిస్టరులో ఆడిట్ గొడవలో పడి ఫారం తేదీ మర్చిపోయాను, గుర్తొచ్చేసరికి లేట్ ఫీజు గడువు కూడా అయిపోయింది. ఆరు నెలలు వెనక్కి. తప్పు నాదే, ఫోన్లో అలారం పెట్టుకోడానికి ఎంబీఏ అక్కర్లేదు. అప్పట్నుంచి ఫారం తేదీలు ఫ్రిజ్ మీద అంటించి మా ఆవిడకి అప్పజెప్పాను.

ఇంట్లో వాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మనం చదివే గంటలు గాల్లోంచి రావు, ఇంకొకరి నెత్తిన పడతాయి. పిల్లల్ని తయారుచెయ్యడం, కరెంటు బిల్లు, అమ్మని హాస్పిటల్ కి తీసుకెళ్లడం, ఇవి ఎవరు చేస్తారో చేరకముందే మాట్లాడుకోండి. మేం ఒక ఒప్పందం పెట్టుకున్నాం, ఆదివారం మధ్యాహ్నం నుంచి పుస్తకం ముట్టనని. రథసప్తమికి అరసవల్లి గుడికి వెళ్లాల్సిందే, తర్వాత రోజు ఏ పరీక్ష ఉన్నా సరే.

లోను తీసుకునేవాళ్లు, చదువు లోను వడ్డీకి ఎనిమిదేళ్లు పన్ను మినహాయింపు ఉంది, అసలుకి లేదు, అది కూడా పాత పన్ను విధానంలో ఉంటేనే. కొత్త విధానంలో ఉంటే ఆ లెక్క వేసుకోకండి. కంపెనీయే ఫీజు కడతానంటే మంచిదే, బాండు ఎన్నేళ్లో, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టాలో చదివి సంతకం పెట్టండి.

చివర్లో ప్రాజెక్టు ఉంటుంది, అది మీ కంపెనీ మీదే చెయ్యండి. ముందు పర్మిషన్ లెటర్ తీసుకోండి, అసలు అంకెలు బయటపెట్టకుండా శాతాల్లో రాయండి. నేను స్టోర్స్ మీద చేశాను. ముడిసరుకు వచ్చాక క్వాలిటీ వాళ్లు పాస్ చేసేదాకా క్వారంటైన్ లో ఎన్ని రోజులు కూర్చుంటుందో లెక్కపెట్టాను, మావయ్య గోడౌన్ లెక్కే ఇక్కడా వేశాను. ఎక్కువ ఆలస్యం మా సెక్షన్లోనే తేలింది, నా టేబుల్ మీదే. దాచకుండా రాశాను, మా మేనేజర్ గారు ఆ పేజీ దగ్గర ఆగి నా మొహం ఒకసారి చూసి పేజీ తిప్పేశారు.

ఇగ్నోలో చేరడానికి జనవరి, జులై రెండు సార్లు అవకాశం ఉంటుంది. మీ ప్లాంటుకి ఈ ఏడాది పెద్ద ఆడిట్ ఉందంటే జులై వదిలేసి జనవరికి చేరండి, ఆ ఆరు నెలలూ రోజుకి రెండు పేజీలు చేత్తో రాస్తూ ఉండండి.