కచేరీ నచ్చలేదంటే ఎక్కడో చెప్పాలి

హైదరాబాద్ చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచేరీ అయ్యాక మెట్రో స్టేషన్ దాకా నడుస్తూ, అక్కణ్ణించి సికింద్రాబాద్ వెస్ట్ వరకు నాలుగు స్టేషన్లూ మా మరిదీ నేనూ వాదించుకుంటాం. అతను పన్నెండేళ్ళు మృదంగం నేర్చుకున్నాడు. నాది గాత్రం. పెళ్ళికి ముందు మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి, పిల్లలు పెద్దయ్యాక మళ్ళీ పట్టుకున్నాను. అతనికి లెక్క కావాలి, నాకు రాగం కావాలి. ఇన్నేళ్ళలో కచేరీని తూచి చెప్పడానికి మా ఇద్దరికీ ఒక పద్ధతి కుదిరింది. కచేరీలకు కొత్తగా వస్తున్నవాళ్ళకీ, సభల సంచికలకు సమీక్షలు రాసేవాళ్ళకీ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట ఒక చిన్న సభ సంచికలో, ఇరవై ఏళ్ళు కూడా నిండని ఒక అమ్మాయి పాట గురించి "విద్వత్తు ఉంది, భావం పలకలేదు" అని రాశాను. వారం తర్వాత వాళ్ళమ్మ ఫోన్ చేసింది. ఆమె గొంతులో కోపం లేదు. "ఎక్కడ పలకలేదో చెప్పండమ్మా, దిద్దుకుంటుంది" అంది. నా దగ్గర జవాబు లేదు. ఏ కీర్తనో, ఏ చోటో ఏమీ గుర్తులేదు. ఆ పిల్ల వేగంగా పాడింది, నాకు వేగం నచ్చదు. నా ఇష్టాయిష్టాన్ని ఆమె లోపంగా అచ్చు వేయించాను. ఆ ఫోన్ పెట్టేశాక చాలాసేపు వంటింట్లో ఊరికే నిలబడ్డాను.

కాబట్టి మొదటి పని: చేతిలో చిన్న నోటుపుస్తకం ఉంచుకోండి. టైము, రాగం, చోటు, రెండు మాటలు. "7.40, కాంభోజి ఆలాపన, పై షడ్జం దగ్గర ఊపిరి చాల్లేదు" అన్నట్టు. (స రి గ మ ప ద నిలకు షడ్జం, రిషభం, గాంధారం, మధ్యమం, పంచమం, ధైవతం, నిషాదం అని పేర్లు.) "అద్భుతం", "తేలిపోయింది" లాంటివి రాసుకోకండి, ఇంటికొచ్చాక వాటితో ఏమీ చేయలేరు. ఎవరైనా "ఎక్కడ?" అంటే వేలు పెట్టి చూపించగలగాలి.

తర్వాత రాసుకున్నవాటిని విడదీయాలి. శ్రుతి (స్వరం సరైన ఎత్తులో పడటం), తాళం, మాట (పాటలోని సాహిత్యం) ఈ మూడూ చెవితోనో చేతితోనో తేల్చుకోగలిగినవి. అయితే ఎక్కడ కొలవాలో తెలిసుండాలి. ఓసారి మా మరిది ఫోన్‌లో ట్యూనర్ (స్వరం ఎత్తు కొలిచే యాప్) పెట్టుకుని తోడి రాగం విన్నాడు. బయటికొచ్చాక "చూడండి వదినా, గాంధారం మీద ముల్లు ఒక్క క్షణం నిలవలేదు, శ్రుతే లేదు" అన్నాడు. తోడి గాంధారం నిలవదు. కిందికి రిషభం వైపు, పైకి మధ్యమం వైపు ఊగుతూనే ఉంటుంది. ఇంటికొచ్చి శ్రుతిపెట్టె (ఆధార స్వరం మోగించే పెట్టె) పెట్టి రెండు రకాలుగానూ పాడాను. హార్మోనియం మెట్టు నొక్కినట్టు గాంధారాన్ని కదలకుండా పట్టుకుంటే ట్యూనర్ పచ్చగా వెలిగింది. "అమ్మో, ఇది తోడి కాదు" అన్నది అతనే. ఊపి పాడగానే ముల్లు మళ్ళీ అటూ ఇటూ కొట్టుకుంది, రాగం వచ్చి కూర్చుంది. ఆ రాత్రి ఇద్దరం పది పన్నెండుసార్లు అదే చేసి చూశాం.

శ్రుతి చూడాలంటే షడ్జ పంచమాల దగ్గర చూడండి, అవి కదలకూడని స్వరాలు. పెద్ద బిర్కా (వేగంగా దొర్లే స్వరాల వరస) వేసి దిగిన షడ్జం ఎలా ఉంది, రెండు గంటలు పాడాక పై షడ్జం ఎలా ఉంది అన్నవి అడగండి. తాళం మాత్రం పక్క సీటాయన చేతిని చూడకుండా మీరే వేయండి. పల్లవిలో ఉన్న కాలప్రమాణం (నడక వేగం) చరణంలోనూ ఉందో, జారిపోయిందో మీ చెయ్యే చెప్తుంది.

మాట దగ్గర తెలుగువాళ్ళం కాస్త గట్టిగానే ఉండాలి. "నగుమోము గనలేని నాజాలి దెలిసి" అన్నచోట "గన" దగ్గర ఆగి "లేని నాజాలి" అని అందుకుంటే నీ నగుమోము చూడలేని నా జాలి అన్న అర్థం పోయి, లేనిదల్లా జాలే అవుతుంది. దీన్ని రుచిభేదం కింద వదిలేయడానికి నేను ఒప్పుకోను. ఎంతటివారు పాడినా అది తప్పే.

ఇక విద్వత్తు. మా పేచీ అంతా ఇక్కడే. నాలాంటివాళ్ళం "ఉత్త లెక్కలు" అని తీసిపారేస్తాం. లెక్క తెలుసుకోకుండా అనే హక్కు మనకు లేదని మరిది నాతో మెట్రోలో మోకాలి మీద తాళం వేయించి మరీ ఒప్పించాడు. ఆదితాళానికి ఎనిమిది దెబ్బలు, దెబ్బకు నాలుగు మాత్రలు, మొత్తం 32. "తదిగిణతొం" అయిదు మాత్రలు. దాన్ని మూడుసార్లు, మధ్యలో రెండేసి మాత్రలు ఆగి వేస్తే 5+2+5+2+5, అంటే 19. సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకు, వచ్చి పడాలంటే 13 మాత్రలు గడిచాక ఎత్తుకోవాలి. పాట ఎత్తుగడ (పాట మొదలయ్యే చోటు) సమం దాటి అర దెబ్బ తర్వాత ఉంటే 15 గడిచాక. ఇలా మూడుసార్లు వేసి ముగించేదే ముక్తాయింపు, ఇది చిన్నది. విద్వాంసులు దీన్ని నాలుగైదు ఆవర్తనాలకు (తాళం పూర్తి చుట్లకు) పెంచి, అప్పటికప్పుడు కట్టి, ఆ ఎత్తుగడ మీదే దించుతారు. ఒక్కసారి వేలితో వేసి చూస్తే గౌరవం దానంతటదే వస్తుంది.

అయినా నా ప్రశ్న నాకుంది. ఒకరోజు ఓ గాయకుడు వేడుకోలు కీర్తనలో విలంబంగా (నెమ్మదిగా) నెరవు, అంటే ఒకే పాదాన్ని రకరకాలుగా మార్చి పాడటం, చేస్తున్నాడు. హాల్లో దగ్గు కూడా వినపడటం లేదు. అంతలో స్వరాలకు (సరిగమలతో పాడటానికి) దిగి, అయిదు ఆవర్తనాల ముక్తాయింపు వేశాడు. చప్పట్లు మోగాయి. లెక్క తప్పలేదు, కష్టమైనదే, జనానికి నచ్చింది, అన్నీ ఒప్పుకున్నాను. కానీ నెరవుతో పోగైనదంతా చెదిరిపోయిందన్నాను. "చప్పట్లు కొట్టినవాళ్ళకి చెవుల్లేవా వదినా?" అన్నాడు మరిది. న్యాయమైన ప్రశ్న. అప్పుడు మేం పెట్టుకున్న పరీక్ష ఇది: ఆ ముక్కను మనసులో తీసేసి, నెరవు నుంచి తిన్నగా పల్లవికి వచ్చినట్టు ఊహించుకోండి. కీర్తనకు ఏదైనా తగ్గిందా? తగ్గలేదనిపిస్తే, ఆ విద్య ఆ చోటికి అక్కర్లేదని చెప్పొచ్చు. విద్యే లేదని చెప్పడానికి వీల్లేదు. మరిది ఇప్పటికీ తగ్గిందనే అంటాడు, ఆ చోట తాళం బిగువు వల్లే పల్లవి కొత్తగా వినపడిందంటాడు. ఆ వాదనలో బలం ఉంది.

దీనికి తిరగేసిన పొరపాటు నాది. నెమ్మదిగా పాడినవారికల్లా "భావం" మార్కులు వేసేదాన్ని. కష్టమైనవన్నీ తప్పించుకుని నెమ్మదిగా పాడేవాళ్ళూ ఉంటారు. ఇందాకటి అమ్మాయి పాటకు నోటుపుస్తకంతో రెండోసారి వెళ్ళినప్పుడు ఇది తెలిసొచ్చింది. ఆమె వేగంలో ఏ దోషమూ లేదు. చరణాల్లో ఊపిరి చాలక పాదం చివరి మాట మింగేస్తోంది, అంతే. వాళ్ళమ్మకు ఫోన్ చేసి ఏ కీర్తనలో ఏ పాదమో చెప్పాను.

సాధనకు ఒక మంచి పని ఉంది. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరం అనే శాస్త్రగ్రంథంలో గాయకుల దోషాలు 25 చెప్పాడు. కాగితం మీద రాసుకుని, ఏది కొలవగలం, ఏది కాలంతో మారింది, ఏది రుచి అని విడదీయండి. అపస్వరం (స్వరం తప్పడం), అవ్యక్తం (మాట స్పష్టంగా పలకకపోవడం) తేలిగ్గా తేలతాయి. నిమీలకం అంటే కళ్ళు మూసుకుని పాడటం, ఆయన లెక్కలో దోషం. ఇవాళ అదే చూసి లీనమైపోయారని మురిసిపోతాం. విరసం (రసం లేకపోవడం) దగ్గర మేం ఓ ఆదివారం పూటంతా కొట్టుకున్నాం. ఆయనే గాయకులను శిక్షాకారుడు (నేర్పేవాడు), అనుకారుడు (అనుకరించేవాడు), రసికుడు (రసంలో మునిగేవాడు), రంజకుడు (వినేవాళ్ళను రంజింపజేసేవాడు), భావుకుడు (పాటకు మెరుగు పెట్టేవాడు) అని అయిదు రకాలుగానూ చెప్పాడు. రంజకుణ్ణి భావుకుడి తూకంతో తూచకుండా ఉండటానికి ఈ విభజన నాకు చాలా పనికొచ్చింది.

మన ఊళ్ళో ఇంకో జాగ్రత్త కావాలి. ఇక్కడ కర్ణాటక, హిందుస్థానీ సంగీతాలు రెండూ వింటాం, హిందుస్థానీ గాయకుడు బడే గులాం అలీఖాన్ 1968లో కన్నుమూసింది ఈ ఊళ్ళోనే. కర్ణాటక రాగం హిందోళం, హిందుస్థానీ రాగం మాల్కౌఁస్ రెండింటికీ అవే అయిదు స్వరాలు. మాల్కౌఁస్‌లో స్వరం మీద నింపాదిగా నిలబడితే "గమకం (స్వరాన్ని ఊపడం) లేదు" అనడం, హిందోళం వింటూ "నిలకడ లేదు" అనడం రెండూ అన్యాయమే. ఏ బాణీ పాటకు ఆ బాణీ కొలత.

కూర్చునే చోటు కూడా చూసుకోండి. స్పీకరు కింద కూర్చుంటే మృదంగం తప్ప ఇంకేమీ వినపడదు, ఆ కోపం గాయకుడి మీదకి పోతుంది.

ఇవన్నీ అయ్యాక మిగిలేది రుచి. అప్పుడు "నాకు" అని మొదలుపెట్టి, కారణం కూడా చెప్పండి. "నేను విలంబం వింటూ పెరిగాను, అందుకే ఈ వేగం నాకు పట్టలేదు" అంటే ఎదుటివాళ్ళు మాట్లాడటానికి చోటుంటుంది. "జిహ్వకో రుచి" అన్న మాట వాదన మొదట్లోనే వాడేస్తే మాత్రం వినడం అక్కడితో ఆగిపోతుంది.

తేలనివి నా పుస్తకం వెనక పేజీల్లో, తేదీ వేసి, ఇద్దరి మాటలూ రాస్తాను. మళ్ళీ అదే గాయకులు అదే రాగం పాడినప్పుడు తీసి చూస్తాం. కొన్ని కొట్టేశాం, రెండు చోట్ల నా మాట కొట్టేసి అతని మాట ఉంచాను. పోయిన డిసెంబరు నాటి బేగడ రాగం ఇంకా అలాగే ఉంది. నిషాదం సరిగ్గా పడిందని అతను, చాల్లేదని నేను. ఆ గాయని ఈసారి చిక్కడపల్లికి వచ్చినప్పుడు స్పీకర్లకు దూరంగా, అయిదో వరుస మధ్యలో కూర్చుందామని అనుకున్నాం.