వానలో సైకిల్ తొక్కినా బూట్లు తడవకుండా

వానాకాలం సైకిల్ మీద ఆఫీసుకి వెళ్తే పైనుంచి పడే వానకంటే కిందనుంచి చిమ్మే నీళ్లే ఎక్కువ ఇబ్బంది. రెయిన్‌కోటు ఉన్నా బూట్లు, సాక్సులు ముద్దయిపోతాయి. ముందు చక్రం ఎగజిమ్మే బురద నేరుగా పాదాల మీదకీ చైను మీదకీ వస్తుంది. మడ్‌గార్డ్ ఉంటుంది గానీ చాలా సైకిళ్లకి అది కిందిదాకా రాదు.

దాన్ని కిందికి పొడిగించడానికి ఖాళీ అయిన 5 లీటర్ల ప్లాస్టిక్ నూనె డబ్బా ఉంటే చాలు. సబ్బుతో జిడ్డు పోయేలా కడిగి, పక్క భాగం నుంచి 20 సెంటీమీటర్ల పొడవు ముక్క కత్తిరించండి. వెడల్పు పైన 6, కింద 12 సెంటీమీటర్లు ఉండాలి. మూలలు గుండ్రంగా కోయండి, లేదంటే కాలికి గీసుకుంటాయి. ముందు మడ్‌గార్డ్ వెనక కొసమీద 4 సెంటీమీటర్లు ఆనించి, రెండింటికీ కలిపి రెండు రంధ్రాలు చేసి కేబుల్ టైలతో (వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీలతో) గట్టిగా బిగించండి. ప్లాస్టిక్ మడ్‌గార్డ్ అయితే కాల్చిన మేకు సరిపోతుంది. మేకుని పట్టకారుతోనే పట్టుకోండి. ఇనుపదైతే సైకిల్ షాపులో డ్రిల్లు వేయించుకోవాలి. నాకైతే బూట్లే కాదు, చైనుకి ఇసుక పట్టడం కూడా బాగా తగ్గింది.

ముక్క కొస నేలకి కనీసం 8 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. ఇంకా దించితే మెట్ల మీద, ఎత్తు స్పీడ్ బ్రేకర్ల మీద తగులుతుంది. సైకిల్‌ని వెనక్కి తోసేటప్పుడు ముక్క చక్రం కిందికి పోయి మడ్‌గార్డ్‌నే వంచేస్తుంది.