తొలినాటి రాక్ అండ్ రోల్ శాక్సోఫోన్ ఎలా ఊదాలి

రాక్ అండ్ రోల్ అనగానే గిటార్ గుర్తొస్తుంది గానీ, 1950ల మధ్యలో పాట నడుమ సోలో వచ్చిందంటే చాలాసార్లు అది టెనర్ (మధ్య స్థాయి) శాక్సోఫోన్‌దే. ఇది నేర్చుకోవాలనుకునేవాళ్లు ముందు స్పీడు మీద పడతారు, దయచేసి ఆ పని చెయ్యకండి. నోటితో పాడుకోగలిగిన చిన్న ముక్కని తాళం మీద కచ్చితంగా, నిండు నాదంతో ఊదడమే ఇందులో అసలు విద్య.

వినడం న్యూ ఆర్లీన్స్‌తో మొదలుపెట్టండి. అక్కడ కాసిమో మటాసా నడిపిన జే అండ్ ఎం స్టూడియోలో 1955 సెప్టెంబర్‌లో లిటిల్ రిచర్డ్ 'టుట్టి ఫ్రుట్టి' పాడాడు. టెనర్ లీ ఆలెన్, బారిటోన్ (ఇంకా కింది స్థాయి శాక్సోఫోన్) ఆల్విన్ 'రెడ్' టైలర్, డ్రమ్స్ ఎర్ల్ పామర్. రిచర్డ్ కేక పెట్టి వదిలిన చోట ఆలెన్ అందుకుంటాడు. ఆ సోలోని వాయిద్యం ముట్టుకోకుండా, పాట ఆపి ఆపి వింటూ, మొత్తం నోటితో పాడటం వచ్చేదాకా పాడండి. ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో కూడా పట్టుకోండి, ఎందుకంటే ఫ్రేజు, అంటే స్వరాల చిన్న వాక్యం, అక్కడే తెగుతుంది.

శాక్సోఫోన్ మీద ఊదే స్వరం పేరు, బయటికి వినిపించే స్వరం పేరు వేరు. అందుకే పాట ఎఫ్ శ్రుతిలో ఉంటే టెనర్ మీద మీకది జీ, బారిటోన్ అయితే డి. బ్లూస్ పద్ధతి 12 బార్లలో (ఒక్కో బార్ నాలుగు బీట్లు) ఏ కార్డ్ ఎన్ని బార్లో టెనర్ మీద ఇలా లెక్క పెట్టుకోండి: జీ నాలుగు బార్లు, సి రెండు, మళ్లీ జీ రెండు, తర్వాత డి ఒకటి, సి ఒకటి, చివరికి జీ రెండు. మొదటి నాలుగు బార్లలో ఒక చిన్న ఫ్రేజు ఊది, సి వచ్చినప్పుడు దాన్నే కొద్దిగా మార్చి మళ్లీ ఊదండి. మనలో చాలామందికి శాక్సోఫోన్ అంటే కద్రి గోపాల్‌నాథ్ గారి కచేరీలే కాబట్టి ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది: జీ మీద ఉన్నప్పుడు సాధారణ గాంధారం నుంచి అంతర గాంధారానికి, అంటే బీ ఫ్లాట్ నుంచి బీకి, చటుక్కున జారితే బ్లూస్ రంగు వచ్చేస్తుంది.

ఇక ఆ గరగర శబ్దం, గ్రౌల్ అంటారు. ఊదుతూనే గొంతులో 'ఊ' అని కూనిరాగం తీయాలి, అంతే. కానీ గొంతులోని శ్రుతి, వాయిద్యం పలికే శ్రుతి ఒకటి కాకూడదు, ఆ రెండూ రాసుకుంటేనే గరుకుదనం పుడుతుంది. ముందు మధ్య స్థాయిలో ఒక పొడుగు నోట్ మామూలుగా ఊది, అది నిలకడగా ఉన్నాక గొంతు కలపండి, తీసేయండి, మళ్లీ కలపండి. మొదట్లో నోట్ చచ్చిపోతుంది, గాలి ఇంకాస్త పెంచండి. గొంతు మండితే మాత్రం ఆ పూటకి ఆపేయాలి. వచ్చాక కూడా ప్రతి నోట్‌కీ వాడొద్దు, ఫ్రేజులో పై నోట్‌కి దాచుకోండి.

హార్న్ సెక్షన్, అంటే గాయకుడి వెనక కలిసి ఊదేవాళ్ల సంగతి వేరే, అక్కడ సోలో బుద్ధి పనికిరాదు. గాయకుడు ఫ్యాట్స్ డామినో రికార్డుల నిర్మాత డేవ్ బార్తలొమ్యూ ఒక రుంబా (క్యూబా నాట్య సంగీతం) రికార్డులో విన్న బేస్ వరసని తన శాక్సోఫోన్లకి ఇచ్చానని చెప్పాడు. లిటిల్ రిచర్డ్ 'లుసిల్' (1957) వినండి, అందులో హార్న్స్ బేస్‌తో కలిసి ఒకే రిఫ్‌ని (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వరసని) పాట పొడుగునా పట్టుకుని ఉంటాయి. మీ దగ్గర టెనర్, బారిటోన్ ఇద్దరే ఉన్నా చాలు. ఇద్దరూ అదే రిఫ్ ఊదండి, బారిటోన్ కింది స్థాయిలో. మొదలుపెట్టడం కలవడం కన్నా ఆపడం కలవడం కష్టం, కాబట్టి ప్రతి నోట్ ఎన్నో బీట్‌కి ఆగాలో మాట్లాడుకుని, నాలుకతో ఒకేసారి కొయ్యండి. గాయకుడు నోరు తెరవగానే వాల్యూమ్ తగ్గాలి.

ఇది కుదిరాక హెర్బ్ హార్డెస్టీని వినండి, డామినో 'ఐ యామ్ వాకిన్' (1957)లో సోలో ఆయనదే. కింగ్ కర్టిస్‌ని మాత్రం చివరికి పెట్టుకోండి. కోస్టర్స్ బృందం పాట 'యాకెటీ యాక్' (1958)లో ఆయన నాలుకతో టకటకా కొట్టే నోట్లు వినడానికి సరదాగా ఉంటాయి గానీ, తాళం కొట్టే మెట్రోనోమ్‌ని సగం స్పీడులో పెట్టి, ఒక్కో నోట్ విడివిడిగా పలికేదాకా అసలు స్పీడుకి వెళ్లొద్దు.