కుక్కల క్రాసింగ్‌కి ముందు తుంటి ఎక్స్‌రే తీయించండి

హన్మకొండ, కాజీపేట వైపు ఇప్పుడు ఏ వీధి చూసినా ఒక లాబ్రడారో జర్మన్ షెపర్డో ఉంటోంది. ఆడకుక్క ఎదకు రాగానే "మంచి మగకుక్క ఉందా అన్నా" అని ఫోన్లు మొదలు. తల బాగుందా, ఎత్తెంత, కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) పేపర్లున్నాయా అని అడుగుతారు గానీ తుంటి ఎక్స్‌రే ఉందా అని అడిగేవాళ్లు తక్కువ. ముందు అదే అడగండి. పేపర్లు వంశం చెబుతాయి, ఎముక సంగతి చెప్పవు.

తొడ ఎముక పైనుండే గుండు తుంటి గిన్నెలో బిగువుగా కూర్చోవాలి. హిప్ డిస్‌ప్లాసియా ఉంటే ఆ కీలు వదులై, ఎదిగేకొద్దీ అరిగి, చివరికి కుక్క లేవడానికే ఇబ్బంది పడుతుంది. వదులు కీలుతోనే కుంటకుండా ఏళ్లపాటు తిరిగేవీ ఉంటాయి, వాటి పిల్లలకు మాత్రం జబ్బు దిగొచ్చు. కాబట్టి "మాది బాగా ఉరుకుతది" అన్న మాట నమ్మి క్రాసింగ్ చేయించకండి.

రెండేళ్లు నిండాక తీయించండి. 2017 కేంద్ర నిబంధనల ప్రకారం క్రాసింగ్‌కి ఆడకుక్కకు 18 నెలలు దాటితే చాలు, కానీ అమెరికాలో తుంటికి గ్రేడ్లిచ్చే ఓఎఫ్‌ఏ సంస్థ 24 నెలలు నిండనిదే ఫైనల్ గ్రేడ్ ఇవ్వదు, నా లెక్కలో అదే సరైన వయసు. మామునూరు వెటర్నరీ కాలేజీకో మీ డాక్టరుకో ఫోన్ చేసి, మత్తిచ్చి హిప్ ఎక్స్‌రే తీస్తారా అని కనుక్కోండి. ఎదలో ఉన్నప్పుడు వద్దు, కీలు ఉన్నదానికంటే వదులుగా కనిపించొచ్చు.

ఫిల్మ్ మీరూ చూడండి. వెల్లకిలా పడుకోబెట్టి వెనక కాళ్లు రెండూ సమానంగా చాచి తీయాలి. కటి ఎముకలో రెండు పక్కలా కనిపించే గుండ్రటి ఖాళీలు ఒకే సైజులో ఉండాలి, మోకాలి చిప్పలు తొడ ఎముకకు నడిమధ్యన ఉండాలి. ఒక ఖాళీ పెద్దది, ఒకటి చిన్నది అయితే కుక్క పక్కకు ఒరిగిందన్నమాట, మళ్లీ తీయమనండి, మొహమాటపడొద్దు. సరిగ్గా వచ్చిన ఫిల్మ్‌లో గుండు సగానికి పైగా గిన్నె లోపలే ఉండాలి. బయటికి జారినట్టుంటే క్రాసింగ్ ఆపేయండి, ఎంత అందమైన కుక్కైనా సరే. వీలైతే దాని తోడబుట్టినవాటి ఫిల్ములూ అడగండి, అమ్మానాన్నలవి బాగున్నా కొన్ని పిల్లలకు వస్తుంది.

కుక్కపిల్లల్ని బొద్దుగా పెంచడం మన దగ్గర పెద్ద సమస్య. 48 లాబ్రడార్ల మీద వాటి జీవితాంతం చేసిన ఒక పరిశోధనలో, 25 శాతం తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, తుంటి అరుగుదలా వాటికి ఆలస్యంగా వచ్చింది. పెద్ద జాతి పిల్లల ఫీడ్ పెడుతుంటే దానిమీద కాల్షియం సిరప్ పోయకండి. నున్నటి గ్రానైట్ బండల మీద కాళ్లు జారకుండా గోనెసంచులు పరవండి.

పిల్లల్ని ఎనిమిది వారాలు నిండాకే ఇవ్వండి, తల్లిదండ్రుల ఫిల్ముల కాపీతో సహా. కొన్నవాళ్లను రెండేళ్లకు వాటికీ తీయించి మీకు పంపమని అడిగి పెట్టుకోండి, అదే జతను మళ్లీ కలపాలా వద్దా అన్నది వాటిని చూశాకే తేల్చుకోవచ్చు.